తాళ్ల పాటలో లేని చరణం

పాటలు ఏరుకునే పని

పెళ్లికి ముందు చేరి, మనవరాలు పుట్టాక మానేసిన ఉద్యోగం నాది. అదేం ఉద్యోగమో మా వీధిలో వాళ్లకి ఇప్పటికీ అర్థం కాలేదు. "ఏటి సయామా, పాటలు ఏరతావా? సింతపిక్కలేటి ఏరడానికి?" అని మా ఎదురింటావిడ ఏడిపించేది. సయామా అంటే ఇక్కడ బర్మీసులో పంతులమ్మ. నేను ఎవరికీ పాఠం చెప్పి ఎరగను, అయినా ఆ పిలుపే నిలిచిపోయింది. యాంగోన్‌లో ఒక చిన్న సంగీత భాండాగారం తరఫున ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లేదాన్ని. వాళ్లకు గుర్తున్న పాటలు రికార్డు చేసుకుని, ఆ పాట ఎక్కడ పుట్టి ఎవరెవరి నోళ్ల మీదుగా ఇక్కడ దిగిందో వెతికేదాన్ని.

ఈ మధ్య కొందరు కుర్రవాళ్లు ఈ పనిలోకి వస్తామంటూ నా దగ్గరికి వస్తున్నారు. ఫోను తీసి బల్ల మీద పెట్టి "చెప్పండి" అంటారు, బావి చూపిస్తే చాలు తోడేసుకుంటాం అన్నట్టు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చిందే ఒకటి, దానివల్ల కుర్చీ మారింది గాని పైనున్న ఫ్యాను మారలేదు. ఒక్క పాట సంగతి చెప్తాను. ఈ పనిలో నాకు తెలిసినదంతా దాంట్లోనే ఉంది.

ఊ చిట్ గారి కత్తెర

మా పెద్దాయన పేరు ఊ చిట్. చెవి అమోఘం. ట్యాక్సీ హారను విని అది ఏ స్వరమో చెప్పగలడు. ఓపిక మాత్రం సున్నా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. టేపుల కాలంలో ఆయన పెట్టిన నియమం ఏమిటంటే, రికార్డు చేసిన పాటలో ఎక్కడ నిశ్శబ్దం ఉంటే అక్కడ కోసేయాలి. "ఖాళీని ఎవరైనా బీరువాలో దాచుకుంటారా?" అనేవాడు. నేను కోసిన కాపీ ఆయనకిచ్చి, కోయని అసలు టేపు నా దగ్గరే ఉంచుకునేదాన్ని. ముందుచూపు అనుకోకండి. మళ్లీ వెళ్లి పాడించుకోవాల్సి వస్తుందేమోనన్న బద్ధకం.

ఆయనకి ఇంగ్లీషు జానపద గాథలంటే ప్రాణం. చిన్నప్పుడు బడిలో ఒక టీచరు నేర్పిన గాథ ఒకటి ఎప్పుడూ కూనిరాగం తీసేవాడు. ఇంగ్లండులో ఒక రేవు ఊరు. తాళ్లు పేనేవాడి కూతురు ఓడ మీద పనిచేసేవాణ్ని ప్రేమిస్తుంది. తండ్రికి వాడు నచ్చడు. వాడి ఓడకి పేనే తాడులో, నడిమి పోగు కుళ్లిన నార పెట్టి పైన మంచి నార చుట్టేస్తాడు. నడిసముద్రంలో తాడు తెగుతుంది, ప్రియుడు పోతాడు. మిగిలిన తాడు ముక్క పట్టుకుని పిల్ల ఒడ్డున నిలబడుతుంది. అంతే కథ.

ఒక రోజు ఆయన అది మొదటిసారి గొంతెత్తి పాడుతుంటే నా చేతిలో టీ ఒలికింది. ఆ వరస నాకు తెలుసు. సేక్కాన్ రేవులో ఓడల సరుకు లాగిన మన తెలుగువాళ్ల దగ్గర నేను రికార్డు చేసిన తాళ్ల పాట వరసే అది. మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే కథా అదే:

*తాళ్లు పేనే వోడి కూతురు – ఏలో లాగర*
*ఓడమీది వోణ్ని మెచ్చె – ఏలో లాగర*
*నడిమిపోగు నల్లగుందే నాయినా – ఏలో లాగర*
*సూడకండ పేనినావే నాయినా –*

ఇక్కడ పాట ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ "ఒడ్డుమీద ఒంటిపిల్ల" అని మొదలవుతుంది. మధ్యలో తాడు తెగే చరణం లేదు.

ఊ చిట్ గారు ఇంగ్లండులో మనలాగే పాటలు వెతికే ఒకావిడకి రాశాడు. ఆవిడ జవాబిచ్చింది. అక్కడా ఈ పాట చచ్చి బతికిందట. పాడేవాళ్లందరూ పోయాక, కుర్రకారు ఎవరో పాత రికార్డు విని, తాగుడు దుకాణాల్లో మళ్లీ పాడటం మొదలుపెట్టారట. తాడు తెగే చరణం దగ్గరే జనం కళ్లు తుడుచుకుంటారట. అక్కడ చేతిలో గ్లాసు పట్టుకుని పాడే పాటని, ఇక్కడ చేతిలో తాడు పట్టుకుని పాడారు. ఓడవాళ్లు పాడుతుంటే మనవాళ్లు కలిసి లాగుతూ వరస పట్టుకుని ఉంటారు. ఎవరు తెలుగు చేశారో తెలియదు. తెలియనిదాన్ని తెలియదని రాయడం ముందు నేర్చుకోండి.

ఊ చిట్ గారు అది నేర్చుకోలేదు. "చరణం పోయింది. మనం పూరిద్దాం" అన్నాడు. ఇంగ్లీషు చరణాన్ని తెలుగు చేయించి, సంచౌంగ్ పేటలో ఒక హాలు మాట్లాడి, ఆదివారం మధ్యాహ్నం పాటని తిరిగి బతికించే కచేరీ పెట్టేశాడు. పాడేది లత. ఫోన్ల కొట్లో పనిచేస్తూ స్నేహితులతో బ్యాండు నడిపే పిల్ల. నాకు ఆ పాట మొదట పాడి వినిపించిన నరసమ్మగారి మనవరాలు.

నరసప్ప మాట

నరసమ్మగారిని నేను నరసప్ప అంటాను. మావైపు అక్క వరసకి అప్ప అనే అంటాం. రేవుకి దగ్గర్లో పై అంతస్తులో ఉంటుంది. కచేరీ సంగతి చెబుదామని వెళ్లేసరికి లత గుమ్మంలో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. మొహం కందిపోయి ఉంది.

"సయామా, మామ్మకి నువ్వే ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి. నేను కొత్త వెర్స్ పాడాను, అంతే. గెంటీసింది."

లోపల నరసప్ప నా వైపు చూడనైనా చూడలేదు. "ఆ ముక్క పాడితే ఈ మెట్లెక్కొద్దని సెప్పినాను. నీకూ అదే మాట."

"ఏటప్పా, ఏటయింది?"

"ఏటయిందని అడుగుతావేటి? మా అయ్య మనిషిని సంపీసినాడని రేవు రేవంతా అనుకున్నాది. నీకు తెలీదేటి?"

నాకు నిజంగానే తెలియదు. అప్పుడు చెప్పింది. వాళ్ల అయ్య అప్పలస్వామి తాడు లాగే జట్టుకి మేస్త్రీ. పాట ఎత్తేది ఆయనే. నరసప్ప చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక రోజు తాడు తెగింది. జట్టులో బైరాగి అనే కుర్రాడు సరుకు కింద నలిగి పోయాడు. అప్పలస్వామి ఆ వేళ తాడు తెగే ముక్క నోటితో అన్నాడని, అందుకే తెగిందని, బైరాగి తల్లి, కొడుకు శవం మీద పడి ఏడుస్తూ అంది. నిప్పు లేకుండా పొగ రాదన్నారు జనం.

"ఆ తరవాత మాకు పెళ్లి పిలుపు నేదు, సావు పిలుపు నేదు. మా గుమ్మంలో నీళ్లు ముట్టినోడు నేడు. అయ్య సచ్చీదాకా మళ్లీ గొంతెత్తనేదు. నానేదో సిన్నప్పుడు ఇన్న ముక్కలు నీకు పాడినాను."

"మరి ఆయన ఆ ముక్క పాడగా నువ్వు విన్నావా?"

"నానెప్పుడూ ఇననేదు. అన్నం కేరేజీ అట్టుకెళ్లినప్పుడు ఇనీదాన్ని. ఆ సోటొస్తే ఊరుకునీవోడు, మళ్లీ ఎత్తీవోడు. ఎందుకూరుకున్నాడో నాకేటి తెలుసు? ఆడదాన్ని తాడు దగ్గరికి రానిచ్చీవోరేటి?" అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు పాటల పుట్టుకలు ఎతుకుతావు కదా. ఆ ముక్క మా అయ్య నోట పుట్టిందో నేదో ఎతికి సెప్పు. నేదంటే పాట మీది. ఉందంటే ఈ పాటని నాతోపాటు పోనియ్యండి."

 పాట పుట్టుక వెతకడం అప్పటిదాకా నాకు సరదా, జీతం. చచ్చిపోయిన మనిషి పేరు నా చేతిలో పెట్టిన వాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆదివారం ముంచుకొస్తోంది.

ఖాళీని వినడం

కరెంటు వచ్చిన వేళ చూసుకుని కోయని టేపులు తీశాను. ఆ పాట నాకు ముగ్గురు పాడారు. నరసప్ప ఒకరు. సంచౌంగ్‌లో ఉండి, తర్వాత చనిపోయిన ఒక క్రేను డ్రైవరు ఒకరు. చిమిండైంగ్ పేటలో ఉండే దండాసి మావ ఒకరు. ముగ్గురూ ఆ ఒక్కచోటే ఆగారు. ఇది పట్టించుకోవాల్సిన విషయం. మరుపు ఎవరికి ఇష్టం వచ్చినచోట వాళ్లకి వస్తుంది. ఒకరు ముందు మర్చిపోతారు, ఒకరు చివర తడబడతారు. ముగ్గురికీ ఒకేచోట మరుపు రాదు.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఖాళీనే మళ్లీ మళ్లీ విన్నాను. దండాసి మావ టేపులో ఆ ఖాళీలో ఒక చప్పుడుంది. సర్... సర్... అని పేము మీద అరచెయ్యి రాసుకుంటూ పోతున్నట్టు. ఆయన కూర్చునేది పేము కుర్చీలో. పాటలో ఇంకెక్కడా ఆ చప్పుడు లేదు.

ఇప్పటి ఫోన్లు ఇలాంటి చప్పుళ్లని అడక్కుండానే తుడిచేస్తున్నాయి, ఊ చిట్ గారి కత్తెర ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది. ముందు దాన్ని ఆపి అప్పుడు రికార్డు చేయండి.

ఇంకో సంగతి కూడా నాకు అప్పుడే తట్టింది. దండాసి మావది గంజాం నుంచి వచ్చిన కుటుంబం. పాత టేపు మొదట్లో తన కుటుంబం గురించి చెప్తూ, రేవులో పోయిన అన్న పేరు బైరాగి అన్నాడు.

చిమిండైంగ్

బజారు వెనక సందులో వాళ్ల ఇల్లు. నేను అప్పలస్వామి పేరెత్తగానే ఆయన కోడలు చేతిలో చాట అలాగే ఆగిపోయింది. దండాసి మావ ముఖం తిప్పుకున్నాడు.

"ఆ పేరు మా ఇంట్లో ఎత్తకమ్మా."

తాడో పేడో తేల్చుకోవాలనే వచ్చాను. మాట పెంచలేదు. మిషను తీసి ఆయన పాటే ఆయనకి వినిపించాను. "సూడకండ పేనినావే నాయినా" అయింది. ఖాళీ వచ్చింది. కుర్చీ చేతి మీద ఆయన అరచెయ్యి తనంతట తనే కదిలింది. సర్... సర్...

"ఆ చెయ్యి ఏం చేస్తోంది మావా?"

ఆయన తన చేతిని తనే చూసుకున్నాడు. "తాడు సూస్తంది."

ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. బరువెత్తే ముందు, పాట అంతవరకు వచ్చాక, జట్టంతా బిగబట్టి నిలబడాలి. మేస్త్రీ ఆ చివర్నించి ఈ చివరిదాకా తాడుని చేత్తో తడుముకుంటూ రావాలి. నడిమి పోగు మెత్తబడిందేమో, నార లేచిందేమో చూడాలి. "సూసినాను, లాగండి" అనాలి. అప్పుడే లాగాలి.

"ఆ సోట పాట నేదమ్మా. సెయ్యుంది. తాడు తెగే ముక్కంటావా, తెలుగులో అది అసలు నేదు. ఎవుడు కడతాడు? తాడు సేతిలో ఎట్టుకోని, తెగిపోద్దని ఎవుడైనా పాడతాడేటి?"

"మరి ఆ రోజు?"

కోడలు చాట కింద పెట్టి గుమ్మానికి ఆనుకుంది.

"ఆ దినం సూడనేదు. అప్పలసామి ఆగినాడు. ఓడమీద నిలబడ్డ దొరకి పాట ఆగిందంటే పనాగిపోయిందనిపించింది. అరుసుకుంటూ మీదకొచ్చీసినాడు. అప్పలసామి సెయ్యెత్తినాడు, తాడు సూడాల అన్నాడు. ఇంటాడేటి? పాడు పాడు అని ఒకటే గోల. ఏటి సేస్తాడు? మొదటి ముక్కే మళ్లీ ఎత్తినాడు. మేం లాగినాం. అన్నయ్య నా ముందే ఉన్నాడు."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ అన్నాది. కొడుకు శవం మీద పడి అన్న మాటమ్మా. నేనెలాగ కాదనీది?"

నాకు జాలి వేసింది, ఒళ్లూ మండింది. రెండూ ఒకేసారి వచ్చాయి. "మీ అమ్మ ఎప్పుడో పోయింది కదా మావా" అన్నాను. ఆయన కళ్లు ఒత్తుకుని, "ఆ మిషను ఎట్టు. మళ్లీ సెప్తాను. ఎల్లి నరసకి ఇనిపించు" అన్నాడు.

నా ఉద్యోగ జీవితంలో నేను మిషను కట్టేసింది అప్పుడొక్కసారే. "ఇది మిషన్లోంచి వినాల్సిన మాట కాదు. పదిమందిలో పడిన నింద. పదిమందిలోనే నువ్వు తియ్యాలి" అన్నాను.

"నా మోకాళ్లు సూసినావా? ఆ మెట్లు ఎక్కగలనేటి?" అన్నాడు. మళ్లీ ఆయనే కోడలితో, "సొక్కా తియ్యి" అన్నాడు.

బాల్కనీ కింద

యాంగోన్ పాత మేడల్లో ప్రతి బాల్కనీకీ ఒక తాడు వేలాడుతుంది. కూరలూ పేపరూ బుట్టలో పెట్టి పైకి లాక్కుంటారు. దండాసి మావ నరసప్ప ఇంటి కింద, ఆ తాడు పక్కన నిలబడ్డాడు. నేను పైకి కేకేశాను. ఆవిడ బాల్కనీలోకి వచ్చి ఆయన్ని చూసి, గుర్తుపట్టి, లోపలికి వెళ్లిపోయింది.

"నరసా!" అని ఆయన అరిచాడు. అంత గొంతు ఆయనలో మిగిలి ఉందని నేననుకోలేదు. "నువ్వు రాకపోతే రాకపో. ఇను. మీ అయ్య ఆ ముక్క పాడనేదు!"

ఎదురు మేడలో కిటికీలు తెరుచుకున్నాయి. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు బల్లల మీద నుంచి లేచారు. ఆయన మొత్తం చెప్పాడు, అరుస్తూ, ఊపిరి అందక ఆగుతూ, మళ్లీ అందుకుంటూ. తెలుగు తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి బర్మీసులో చెప్తున్నారు. మధ్యలో ఎప్పుడో నరసప్ప బయటికి వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడింది.

"మా అయ్య సెయ్యెత్తినాడా?" పైనుంచి అడిగింది.

"ఎత్తినాడు."

"నువ్వు సూసినావా?"

"నా రెండు కళ్లతో సూసినాను. సూసీ ఊరుకున్నాను. మా అమ్మ మాటకి అడ్డం ఎల్లనేకపోనాను. తప్పు నాది, నరసా."

ఆవిడ లోపలికి వెళ్లింది. ఇంతేనా అనుకున్నాను. కాసేపటికి తాడు కదిలింది. బుట్ట కిందికి దిగుతోంది, తగలకుండా, ఒలక్కుండా, చాలా నెమ్మదిగా. అందులో ఒక గ్లాసుడు నీళ్లున్నాయి.

దండాసి మావ గ్లాసు రెండు చేతులతో తీసుకున్నాడు. వీధి అంతా చూస్తుండగా చివరి చుక్క దాకా తాగాడు. నేను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

ఆదివారం

ఇక మిగిలింది ఊ చిట్ గారు. జరిగిందంతా ఆయనకి చెప్పాను. ఆయన మాటలోనూ న్యాయముంది, అది దాచను. "తాడు తెగకపోతే పిల్ల ఒడ్డున ఎందుకు ఏడుస్తుంది? కథ తెలియనివాళ్లకి ఏమర్థమవుతుంది? పోయిన చరణాన్ని వెనక్కి తేవడం మన పని కాదా?" అన్నాడు.

"పోలేదు సార్. అక్కడ పెట్టిందే ఖాళీ. ఓడ మీది ఆ మనిషీ మీలాగే ఖాళీ అనుకున్నాడు" అన్నాను. మాట గట్టిగానే పడింది. ఆయన ముఖం మాడింది. "వేదిక మీద చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" నన్ను ఆదివారం దాకా అన్నం తిననివ్వలేదు.

హాలు నిండింది. అలంకారానికని ఊ చిట్ గారే ఒక లావుపాటి ఓడ తాడు తెప్పించి వేదికకి అడ్డంగా వేయించాడు. లతా, బ్యాండు పిల్లలూ దాన్ని పట్టుకుని నిలబడ్డారు. ముందు వరసలో నరసప్ప, పక్కన దండాసి మావ. తాడు తడమాల్సింది ఆయనే అని పిల్లలతో ముందే అనుకున్నాం. లత ముందు ఇంగ్లీషులో పాడింది, తాడు తెగే చరణంతో సహా. తర్వాత తెలుగు ఎత్తుకుంది. పిల్లలు "ఏలో లాగర" అంటూ ఊగుతున్నారు.

"సూడకండ పేనినావే నాయినా" అని ఆగింది.

హాల్లో ఎవరో దగ్గారు. కుర్చీలు కిర్రుమన్నాయి. పాట మర్చిపోయిందేమోనని వెనక ఎవరో నవ్వారు. కీబోర్డు దగ్గర కుర్రాడు వేళ్లు పైకి పెట్టి ఊ చిట్ గారి వైపు చూస్తున్నాడు. ఆయన సైగ చేస్తే వాడు అందుకుంటాడు, లత కొత్త చరణం పాడక తప్పదు. ఆయన చెయ్యి ఒడిలోంచి లేచింది. నేను ఆ మణికట్టు పట్టేసుకున్నాను. పెద్దాయన, నా పై అధికారి. అయినా వదల్లేదు. ఆయన నా వైపు చూశాడు, వేదిక వైపు చూశాడు. మెల్లగా చెయ్యి దించాడు.

దండాసి మావ లేచి, తాడు దగ్గరికి వెళ్లి, దాని మీద అరచెయ్యి వేశాడు. వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు.

"నరసా, ఇది మీ అయ్య సోటు. నువ్వు సూడు."

"ఆడదాన్ని, తాడు నానెలాగ..."

"సూడవే."

నరసప్ప లేచింది. ఆ చివర మొదలుపెట్టి తాడుని తడుముకుంటూ నడిచింది. ఒక్కో పిల్ల చేతి దగ్గరా ఆగి, వేళ్ల కింద నార నొక్కి చూసి, మళ్లీ నడిచింది. లత చేతి దగ్గర ఇంకొంచెంసేపు ఆగింది. హాల్లో దగ్గేవాళ్లు లేరు. అరచెయ్యి నార మీద రాసుకునే చప్పుడు వెనక వరస దాకా వినిపించింది.

ఈ చివరికొచ్చి నిలబడింది. "సూసినాను" అంది, తనలో తనే. ఊపిరి తీసుకుని, రేవులో అవతలి గట్టుకి వినపడేలా అంది.

"సూసినాను. లాగండి!"

అందరికంటే ముందు లాగింది దండాసి మావ.